కడుపులో మాప్ మిగిలిపోకుండా: చిన్న ఆసుపత్రి థియేటర్లో లెక్క ఎలా పెట్టాలి

అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం, భీమవరం... గోదావరి పాయల మధ్య ఏ పట్నంలో చూసినా బస్టాండు నుంచి బజారు దాకా నర్సింగ్ హోమ్‌ల బోర్డులు వరసగా కనిపిస్తాయి. చాలావాటిలో ఆపరేషన్ థియేటరు ఒక్కటే. ఉదయం ఓపీలో ఉండే సిస్టర్లే మధ్యాహ్నం గుడ్డలు సర్దిన డ్రమ్ములు ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములు చంపే యంత్రంలో) పెడతారు, రాత్రి కేసు వస్తే చేతులు కడుక్కుని టేబుల్ దగ్గర నిలబడతారు. ఈ వ్యాసం ముందుగా వారికోసం. సర్జన్లు, మత్తు డాక్టర్లు, ఆసుపత్రి యజమానులు కూడా చదవాలి. ఇందులో సగం పని వారు ఒప్పుకుంటేనే జరుగుతుంది.

మన దగ్గర కోత ఆపరేషన్లు తక్కువేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే నూటికి 63. వీటికి గర్భసంచి ఆపరేషన్లు, అపెండిక్సు, హెర్నియా, పిత్తాశయంలో రాళ్లు కలుపుకోండి. ప్రతి కేసులోనూ పదుల సంఖ్యలో రక్తం తుడిచే గుడ్డలు (నాడా ఉన్న పెద్దవి మాప్‌లు, చిన్నవి గాజు ముక్కలు), సూదులు, పనిముట్లు రోగి శరీరం దగ్గరికి వెళ్లి వస్తాయి. వెళ్లినవన్నీ తిరిగి రావాలి.

ముందు ఒక నమ్మకాన్ని వదులుకోండి

కేస్ షీట్‌లో "కౌంట్ కరెక్ట్" అని రాసి ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టే అనుకుంటాం. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో లోపల వస్తువులు మిగిలిపోయిన 54 మంది రోగుల వివరాలను పరిశీలించి, 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. మిగిలిపోయిన వస్తువులు 61. వాటిలో 69 శాతం గుడ్డలే, మిగతావి పనిముట్లు. సగానికి పైగా పొట్టలోనో కటి భాగంలోనో దొరికాయి, 22 శాతం యోనిమార్గంలో. అన్నిటికంటే కలవరపెట్టే అంకె ఇంకొకటి ఉంది. లెక్క పెట్టిన కేసుల్లో 88 శాతం సందర్భాల్లో చివరి లెక్క సరిపోయిందనే రాసి ఉంది.

అంటే చాలాచోట్ల లెక్క పెట్టారు, సరిపోయిందన్నారు, అయినా గుడ్డ లోపలే ఉండిపోయింది. నోటితో చెప్పిన అంకెకూ కంటితో చూసిన వస్తువుకూ తేడా ఉంది కాబట్టే ఇలా జరుగుతుంది. ఈ వ్యాసంలో చెప్పబోయే ప్రతి పద్ధతీ ఒకే పని కోసం: అంకెను నమ్మడం మాని, ప్రతి గుడ్డనూ విడివిడిగా చూడడం.

డ్రమ్ము నింపే గదిలోనే మొదలుపెట్టండి

చిన్న ఆసుపత్రుల్లో గాజుగుడ్డ తానులుగా కొంటారు. మధ్యాహ్నం కాస్త ఖాళీ దొరికినప్పుడు ఆయమ్మలు దాన్ని కత్తిరించి, మడిచి, మాప్‌లు కుట్టి డ్రమ్ములో సర్దుతారు. ఎన్ని పెట్టావమ్మా అని అడిగితే "నిండుగా పెట్టానండి" అంటుంది. తప్పు ఆవిడది కాదు, ఆవిడకు ఎవరూ లెక్క నేర్పలేదు. కానీ ఎన్ని వచ్చాయో తెలియని డ్రమ్ము థియేటర్లోకి వచ్చాక ఎంత గొప్ప సిస్టరు లెక్కపెట్టినా అది ఊహే అవుతుంది.

మాప్‌లను ఐదేసి కట్టలుగా, గాజు ముక్కలను పదేసి కట్టలుగా కట్టించండి. అన్ని డ్రమ్ముల్లోనూ, అన్ని రోజులూ అదే సంఖ్య. ఒక కట్టలో ఒకే సైజు ఉండాలి. కట్టకు దారం కట్టి, లోపల ఒక చీటీ పెట్టండి: ఎన్ని, ఎవరు కట్టారు, ఏ తేదీ. కట్టినవారు ఒకరైతే డ్రమ్ములో పెట్టేముందు లెక్క చూసేవారు ఇంకొకరై ఉండాలి. ఆయమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఇది ఎందుకో చెప్పండి. కారణం తెలిసిన మనిషి చేతిలో కట్ట తప్పడం అరుదు.

మాప్ మూలన కుట్టే నాడాను గట్టిగా లాగి చూడండి. ఊడివస్తే ఆ మాప్ పక్కన పడేయండి. ఆ నాడాయే మాప్‌ను బయట ప్రపంచంతో కలిపి ఉంచేది. ఉతికి మళ్లీ వాడే అలవాటు ఉన్నచోట్ల నాడాలు త్వరగా వదులవుతాయి. ఆ అలవాటు మానుకోవడమే మేలు.

ఇక ఎక్స్‌రే దారం సంగతి. మామూలు గాజుగుడ్డ ఎక్స్‌రేలో కనిపించదు. బేరియం కలిపిన దారమో పట్టీయో నేతలో ఉంటేనే తెల్లటి గీతలా కనిపిస్తుంది. చేత్తో కుట్టిన మాప్‌లలో అది ఉండదు. ఇలాంటివి కడుపులో వాడే ఆసుపత్రిలో, లెక్క తప్పిన రాత్రి ఎక్స్‌రే తీసినా ఏ ఉపయోగమూ ఉండదు. అందుకని కడుపు తెరిచే ప్రతి కేసుకూ ఎక్స్‌రేలో కనిపించే మాప్‌లే కొనాలి. నీలం దారం ఉన్నంత మాత్రాన అది బేరియం దారం అనుకోకండి, ఉత్త రంగు దారమూ కావచ్చు. కొత్త పెట్టె వచ్చినప్పుడల్లా ఒక మాప్ తీసి ఎక్స్‌రే కింద పెట్టి చూడండి. గీత కనిపిస్తే పెట్టె లోపలికి, లేకపోతే దుకాణానికి తిరిగి.

కట్టు కట్టడానికి వాడే మామూలు గాజును, కడుపులో వాడే గాజును ఒకే టేబుల్ మీద పెట్టకండి. డ్రెస్సింగ్ గాజు కట్ట చివరి లెక్క అయ్యాకే విప్పాలి. అలాగే బేరియం దారం ఉన్న గాజును గాయం మీద కట్టుగా వేయకూడదు. తర్వాత ఎక్స్‌రే తీస్తే లోపల ఉందా, పైన ఉందా తెలియక తికమక పడతారు.

గోడ మీద బోర్డు

ఖర్చు కొద్దిగా, ప్రయోజనం కొండంత. స్కూళ్లలో వాడే తెల్లబోర్డు ఒకటి కొని, టేబుల్ దగ్గర నిలబడినవారికీ మత్తు డాక్టరుకూ కనిపించే చోట బిగించండి. నిలువు గడులు గీయండి: మాప్, గాజు, సూది, బ్లేడు, పనిముట్లు, ఇతరాలు. "లోపల ఉన్నవి" అని ఒక గడి విడిగా, ఎర్ర గీతతో. అరచేతి మీద రాసుకోవడం, గ్లవ్స్ కవరు మీద రాసుకోవడం, గుర్తుపెట్టుకోవడం ఇవాళ్టితో ఆపేయండి. ఒకరి జ్ఞాపకంలో ఉన్న లెక్క ఆ మనిషి ఫోను తీయడానికి బయటికి వెళ్లగానే పోతుంది.

ఇద్దరు, గట్టిగా, ఒక్కొక్కటిగా

కోనసీమలో కొబ్బరికాయలు లెక్కపెట్టే తీరు చూడండి. ఒకరు కాయలు వేస్తూ పైకి లెక్క చదువుతారు, కొనేవాడు పక్కన నిలబడి కాయనే చూస్తుంటాడు, నూరు అయ్యేసరికి గుర్తుగా ఒక కాయ పక్కన పెడతారు. థియేటర్లోనూ అంతే కావాలి. స్క్రబ్ సిస్టరు (చేతులు కడుక్కుని టేబుల్ దగ్గర పనిముట్లు అందించే సిస్టరు) ఒక్కొక్క మాప్‌ను విప్పి, నాడా చూపిస్తూ, పైకి లెక్క చదవాలి. ఫ్లోర్ సిస్టరు (టేబుల్‌కు దూరంగా తిరుగుతూ కావలసినవి తెచ్చే సిస్టరు) దాన్ని కంటితో చూస్తూ తనూ అదే అంకె పలకాలి. అయ్యాక బోర్డు మీద రాయాలి. లెక్కపెట్టేది ఇద్దరు, చూసేదీ ఇద్దరే.

మడతల మీద బొటనవేలు ఆడించి పేక ముక్కల్లా లెక్కపెట్టే అలవాటు చాలామందికి ఉంది. అది పనికిరాదు. ఆటోక్లేవ్ నుంచి వచ్చిన గాజులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. రెండు ముక్కలు కలిసి ఒకటే మందంగా తోస్తాయి. వేలి కొసలతో అంచు పట్టి విడదీస్తేనే రెండోది బయటపడుతుంది. ఆ క్షణంలో విడదీయని ముక్కే గంట తర్వాత ఎవరికీ తెలియని "అదనపు" గుడ్డ అవుతుంది. అది లోపల ఉండిపోయినా మన లెక్క చక్కగా సరిపోతుంది.

కట్టలో ఐదుకు బదులు నాలుగో ఆరో వస్తే సర్దుబాటు చేయకండి. ఆ కట్ట మొత్తాన్నీ కవర్లో వేసి, థియేటరు బయటికి పంపేసి, ఇంకో కట్ట తెరవండి. లెక్క మధ్యలో ఎవరైనా పిలిచినా, ఏదైనా అడిగినా ఆ వస్తువు లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. పాటలు పెట్టుకునే థియేటర్లలో లెక్క జరిగే రెండు మూడు నిమిషాలు పాట ఆపాలి.

క్రమం ఎప్పుడూ ఒకటే ఉండాలి. గాయంలో ఉన్నవి, ఆ పక్కన గుడ్డమీద ఉన్నవి, తర్వాత ట్రాలీ, చివరికి కింద బకెట్టు. రోజుకో వరస అయితే ఏదో ఒక మూల చూడకుండా మిగిలిపోతుంది.

లెక్క ఎప్పుడెప్పుడు? కోత పెట్టేముందు ఒకసారి. కొత్త కట్ట తెరిచినప్పుడల్లా. గర్భసంచి లాంటి లోపలి అవయవం మూసేముందు. పొట్ట మూసేముందు. చర్మం కుట్టేటప్పుడు. సిస్టరు మారినప్పుడు. సిజేరియన్‌లో గర్భసంచి కుట్టేముందు లెక్క చాలాచోట్ల వదిలేస్తారు. బిడ్డను తీశాక లోపల తుడవడానికి పెట్టిన మాప్ గర్భసంచిలోనే ఉండిపోవచ్చు. దాన్ని తేల్చాల్సిన సమయం అదే.

ఆపరేషన్ నడుస్తుండగా

సర్జన్ పేగులను పక్కకు నెట్టి మాప్ సర్దినప్పుడు ఆ మాట పైకి చెప్పాలి: "ఒక మాప్ లోపల." ఫ్లోర్ సిస్టరు ఎర్ర గీత గడిలో ఒకటి వేయాలి. తీసినప్పుడు "బయటికి" అనాలి, ఆ ఒకటి చెరపాలి. నాడా గాయం బయటికి వేలాడాలి, దాని కొసకు ఒక ఆర్టరీ ఫోర్సెప్స్ (బిగించి పట్టే పట్టకారు) పట్టించాలి. సర్జన్ చెప్పడం మరచిపోతే మీరే అడగండి: "సర్, లోపల ఎన్ని?" ఇది ఎదురు ప్రశ్న కాదు, మీ పని.

కడుపు తెరిచి ఉన్నప్పుడు నాడా లేని చిన్న గాజు ముక్కను విడిగా లోపలికి ఇవ్వకండి. స్పాంజ్ హోల్డర్‌కు (గుడ్డను పట్టుకునే పొడవాటి పట్టకారుకు) పట్టించే ఇవ్వాలి. ఎందుకంటారా? తడి గాజు రక్తం పీల్చుకుంటే తెల్లదనం పూర్తిగా పోతుంది. నిమ్మకాయంత ఉండలా కుదించుకుపోయి కాలేయం అంచున చేరితే, గడ్డకట్టిన రక్తానికీ దానికీ తేడా కంటికి తెలియదు. వేలికి నేత గరుకు తగిలితేనే గుడ్డ అని తెలుస్తుంది. గాజును సగానికి కత్తిరించి వాడడం అసలు వద్దు. తువ్వాలు, రోగి మీద కప్పే రంధ్రపు గుడ్డ లాంటివి ఎంత తొందరలోనైనా పొట్టలోకి వెళ్లకూడదు.

వాడేసిన మాప్‌లను బకెట్లో కుప్పగా ఉంచకండి. పట్నంలో ఏ దర్జీకి చెప్పినా దళసరి ప్లాస్టిక్ షీటుతో పది జేబుల వేలాడే సంచీ కుట్టిస్తాడు. దాన్ని సెలైన్ స్టాండుకు తగిలించండి. ఫ్లోర్ సిస్టరు గ్లవ్స్ వేసుకుని, ప్రతి మాప్‌నూ విప్పి, జేబుకొకటి చొప్పున పెట్టాలి. చివర్లో లెక్క చదివేటప్పుడు ఖాళీ జేబు ఇట్టే కనిపిస్తుంది. నేను చూసిన మార్పులన్నిటిలో తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసింది ఈ సంచీయే. బోర్డు కూడా దీని తర్వాతే.

సూదులకు ఒకటే సూత్రం: వాడిన సూది చేతికి వస్తేనే కొత్తది ఇవ్వాలి. తీసుకున్న సూదిని ఫోమ్ ముక్కకో సూదుల ప్యాడ్‌కో గుచ్చి వరసగా ఉంచండి. విరిగిందేమో, కొస ఉందో లేదో చూడండి. పనిముట్లు తిరిగి వచ్చేటప్పుడు మరలు, దవడలు, కొసలు చూడాలి. విరిగిన ముక్క కూడా లెక్కలోదే. లాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్‌లో) కోత చిన్నదని ధైర్యంగా ఉంటారు. రంధ్రం గుండా లోపలికి పంపిన గాజు బోర్డు మీద లేకపోతే అక్కడా ఇదే ప్రమాదం.

థియేటర్లోంచి ఏదీ బయటికి పోకూడదు. ఆసుపత్రి చెత్త వేసే పసుపు సంచీ నిండిందని తొందరపడి పంపడం, రక్తపు గుడ్డలను చాకలి మూటలో వేయడం చివరి లెక్క అయ్యాకే. చెత్త తీసుకెళ్లే బండి ఆసుపత్రి గేటు దాటాక వెతకడం ఎవరి తరమూ కాదు.

మూసేముందు

ఇక్కడ వరస ముఖ్యం. ముందు సర్జన్ చేత్తో వెతకాలి, తర్వాత సిస్టర్లు లెక్క చెప్పాలి. లెక్క ముందే సరిపోయిందని వింటే చెయ్యి తేలికగా తిరుగుతుంది. అది మనిషి స్వభావం. కాబట్టి సర్జన్ కాలేయం కింద, ప్లీహం వైపు, పెద్దపేగు ఇరుపక్కలా ఉండే గాడుల్లో, పేగు చుట్టల మధ్య, గర్భసంచి వెనుక, మూత్రాశయం ముందు వరసగా చూసి "చూశాను" అనాలి. అప్పుడు లెక్క.

లెక్క తేలేదాకా పొట్ట కుట్టే దారాన్ని స్క్రబ్ సిస్టరు సర్జన్ చేతికి ఇవ్వకూడదు. దీన్ని ఆసుపత్రి నియమంగా కాగితం మీద రాయించి, యజమాని చేత సంతకం పెట్టించి, థియేటరు తలుపు లోపలి వైపు అంటించండి. సిస్టరు ధైర్యం మీద ఆధారపడే నియమం ఎక్కువ రోజులు నిలవదు. కాగితం మీద ఉంటే "రూలు సర్" అని చెప్పి ఆగగలరు.

ఒకటి తక్కువ వస్తే

"సర్, ఒక మాప్ తక్కువ ఉంది. దయచేసి ఆపండి." ఈ రెండు వాక్యాలు చాలు. నసగవద్దు, పక్కవారితో గుసగుసలాడవద్దు, ముందు మీరే వెతికి తర్వాత చెబుదామనుకోవద్దు. చెప్పగానే సర్జన్ కుట్టడం ఆపి మళ్లీ లోపల వెతకాలి. మత్తు డాక్టరుకు ఇంకా సమయం కావాలని తెలియాలి. ఫ్లోర్ సిస్టరు బకెట్టు, సంచీలు, టేబుల్ కింద, బట్టల మడతలు, సక్షన్ జాడీ (రక్తం పీల్చి నింపే సీసా) పక్కన, అందరి చెప్పుల అడుగు భాగం కూడా చూడాలి. రక్తంతో తడిసిన గాజు చెప్పుకు అంటుకుని తలుపు దాకా వెళ్లిపోతుంది. బిడ్డను తుడిచిన గుడ్డలో మాప్ కలిసి వెళ్లిందేమో బిడ్డ దగ్గర ఉన్నవారిని అడగండి.

దొరకకపోతే రోగి టేబుల్ మీద ఉండగానే ఎక్స్‌రే తీయాలి. ఉదరవితానం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే పొర) నుంచి కటి కిందిదాకా మొత్తం పడాలి. ఒక ప్లేటు చాలకపోతే రెండు తీయండి. టెక్నీషియన్‌కు ఏం వెతుకుతున్నామో చెప్పాలి, అదే రకం మాప్ ఒకటి చూపిస్తే మరీ మంచిది. చిన్న సూదులు, ముఖ్యంగా 10 మిల్లీమీటర్లకు తక్కువవి, ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. కనిపించనంత మాత్రాన లేవని రాయకండి. జరిగింది జరిగినట్టు రాయండి: ఏది తక్కువ, ఎవరు ఎక్కడ వెతికారు, ఎక్స్‌రేలో ఏం కనిపించింది, చివరికి ఎవరు ఏం నిర్ణయించారు.

రాత్రిపూట ఎక్స్‌రే దొరకని ఆసుపత్రిలో పెద్ద కేసులు పెట్టుకోవచ్చా అని ఎవరైనా అడిగితే నా జవాబు: పెట్టుకోకూడదు. కనీసం ఫోను చేస్తే వచ్చే టెక్నీషియన్‌తోనైనా ముందే మాట్లాడి ఉంచుకోవాలి.

కావాలనే లోపల ఉంచి పంపినప్పుడు

మన ప్రాంతంలో దీని గురించి విడిగా చెప్పాలి. కాన్పు తర్వాత రక్తం ఆగదు. గర్భసంచి తీసినా కారుతూనే ఉంటుంది. సర్జన్ మాప్‌లు కుక్కి, పైన మూసి, 108లో కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికో రాజమహేంద్రవరానికో పంపుతారు. అది ప్రాణం కాపాడే నిర్ణయమే. కానీ మాప్‌లు ఎన్ని ఉన్నాయో ఉత్తరంలో లేకపోతే, రెండు రోజుల తర్వాత అక్కడ పొట్ట తెరిచే డాక్టరు నాలుగు తీసి, ఐదోది ఉందని తెలియక మూసేస్తారు. అక్కడి లెక్క మాత్రం సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే మన మాప్ వారి బోర్డు మీద లేదు.

రిఫరల్ ఉత్తరం మొదటి వాక్యమే ఇలా ఉండాలి: "పొట్టలో 5 మాప్‌లు ఉన్నాయి." అంకెలోనూ అక్షరాల్లోనూ రాయండి. రోగి చేతికి ఒక పట్టీ కట్టి దానిమీదా రాయండి. అంబులెన్సు బయలుదేరాక అక్కడి డ్యూటీ డాక్టరుకు ఫోను చేసి చెప్పండి. లంక గ్రామాల నుంచి పడవ దాటించి తెచ్చిన రోగి వెంట వచ్చిన బంధువు ఆ గందరగోళంలో కాగితం ఎక్కడో పెడతాడు. చేతి పట్టీ మాత్రం రోగితోనే వెళుతుంది.

రక్తం ఆగడానికి యోనిమార్గంలో ప్యాక్ (కుక్కిన గుడ్డ) పెట్టినప్పుడూ ఇదే పద్ధతి. ఎన్ని, ఎప్పుడు తీయాలి, ఎవరు తీయాలి. తీసేదాకా పట్టీ చేతికే ఉంటుంది, తీసిన మనిషే పట్టీ కత్తిరించాలి.

లేబర్ రూమును వదిలేయకండి

థియేటర్లో లెక్క పెట్టే ఆసుపత్రుల్లో కూడా లేబర్ రూములో ఎవరూ పెట్టరు. మామూలు కాన్పు, నాలుగు కుట్లు, అంతే కదా అనుకుంటారు. పైన చెప్పిన 22 శాతం గుర్తుందా? కుట్లు వేసేటప్పుడు రక్తం కిందికి రాకుండా లోపల పెట్టిన గాజు ఆ తొందరలో అక్కడే ఉండిపోతుంది. వారం తర్వాత బాలింత జ్వరంతో, దుర్వాసనతో వస్తుంది. సిగ్గుపడి ఇంట్లో కూడా చెప్పుకోదు. కొందరు చెప్పినా "బాలింతకు అలాగే ఉంటుందిలే" అని పెద్దవాళ్లు సర్దిచెబుతారు.

చేయవలసింది తక్కువే. కాన్పు ట్రేలోనూ నాడా ఉన్న, ఎక్స్‌రే దారం ఉన్న గుడ్డలే, ఐదేసి కట్టలోవే వాడండి. నాడా బయట ఫోర్సెప్స్‌తో పట్టి ఉంచండి. కుట్లకు ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి ఇద్దరు లెక్కపెట్టి కేస్ షీట్‌లో రాయండి. ప్రభుత్వ ఆసుపత్రుల లేబర్ రూములకోసం, ప్రసూతి థియేటర్లకోసం కేంద్రం 2017లో "లక్ష్య" కార్యక్రమం తెచ్చింది. ఆ చెక్‌లిస్టులను ప్రైవేటువారు వాడుకోకూడదని ఎక్కడా లేదు.

రాత్రి, తొందర, కరెంటు

మసాచుసెట్స్ పరిశీలనలో అత్యవసర ఆపరేషన్లలో వస్తువు మిగిలిపోయే ప్రమాదం తొమ్మిది రెట్లు, అనుకున్న ఆపరేషన్ మధ్యలో మారిపోతే నాలుగు రెట్లు ఉన్నట్టు తేలింది. రోగి లావుగా ఉన్నా ప్రమాదం పెరుగుతుంది. మన చిన్న ఆసుపత్రుల్లో దీనికి ఇంకొకటి తోడవుతుంది. సర్జన్ రాజమహేంద్రవరం నుంచో కాకినాడ నుంచో కారులో వస్తారు, ఒక ఊళ్లో కేసు చేసి ఇంకో ఊరికి వెళ్లాలి. ఆ తొందర థియేటర్లో అందరి చేతుల్లోకీ పాకుతుంది.

అలాంటి కేసులకు లెక్క కుదించకండి, మనుషులను పెంచండి. రాత్రి సిజేరియన్‌కు ఫ్లోర్ సిస్టరు వేరుగా ఉండాల్సిందే. మత్తు డాక్టరుకు సాయం చేస్తూ, బిడ్డను పట్టుకుంటూ, లెక్క కూడా పెట్టే ఒక్క మనిషితో పని జరగదు. ప్రాణం మీదికి వచ్చి ముందు లెక్క పెట్టడానికి వీలే లేకపోతే, ఆ సంగతి బోర్డు మీద రాసి, ఆపరేషన్ చివర ఎక్స్‌రే తప్పనిసరి అనుకోండి. లెక్క లేని చోట ఎక్స్‌రే. మధ్యేమార్గం లేదు.

గాలివానకు కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు చేతులు కదపకుండా ఆగాలి. లైటు రాగానే గాయంలో ఉన్నవాటి లెక్క ఒకసారి. డ్యూటీ మారే వేళ కేసు నడుస్తుంటే వెళ్లే సిస్టరు, వచ్చే సిస్టరు కలిసి వస్తువులను చూసి లెక్క అప్పగించుకోవాలి. "అన్నీ బోర్డు మీద ఉన్నాయి చూసుకో" అంటే అప్పగించినట్టు కాదు.

డాక్టరు గారికి, యజమానికి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ భద్రత చెక్‌లిస్టు విడుదల చేసింది. అందులో 19 అంశాలు. రోగి థియేటరు వదిలేముందు గుడ్డలు, సూదులు, పనిముట్ల లెక్క పూర్తయిందని నర్సు పైకి చెప్పాలన్నది వాటిలో ఒకటి. న్యూఢిల్లీ సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, తీవ్రమైన ఇబ్బందులు 11 నుంచి 7 శాతానికి తగ్గాయి. ఒక పేజీ కాగితం. ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తే చాలదు, ప్రతి కేసుకూ పైకి చదవాలి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1963లో ఔరంగాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు తర్వాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న ఒక మహిళ కడుపులో తువ్వాలు మిగిలిపోయింది. మళ్లీ తెరిచి తీశారు, అయినా ఆమె బతకలేదు. ఆ కేసు 1996లో సుప్రీంకోర్టులో తేలింది. గుడ్డ లోపల మిగిలిపోవడమే నిర్లక్ష్యానికి నిదర్శనమని, దానికి ప్రభుత్వం బాధ్యత వహించాలని కోర్టు చెప్పింది. ఆ కుటుంబం 33 ఏళ్లు ఎదురుచూసింది. అంతకుముందు 1995లోనే వైద్య సేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని అదే కోర్టు తీర్పునిచ్చింది. అయినా కోర్టు భయంతో ఈ పని చేయమని నేను చెప్పను. మన మీద నమ్మకంతో స్పృహ తప్పి పడుకున్న మనిషి కోసం చేయాలి.

మాప్ తక్కువైందని చెప్పిన సిస్టరు మీద విసుక్కుంటే ఆమె ఇంకోసారి చెప్పదు. అది బూటకపు హెచ్చరికే అయినా, చివరికి మాప్ బకెట్టు వెనక దొరికినా, అందరి ముందూ "మంచి పని చేశారు సిస్టర్" అనండి.

తిరిగి వచ్చిన రోగి

గుడ్డ లోపల ఉన్న సంగతి కొన్ని రోజుల్లో బయటపడవచ్చు, ఏళ్లు కూడా పట్టవచ్చు. తగ్గని జ్వరం, గాయం నుంచి ఆగకుండా చీము, పొట్టలో గడ్డ, వాంతులు, విరేచనం బంద్ కావడం. ఆపరేషన్ చరిత్ర ఉన్న మనిషి ఇలా వస్తే గ్యాస్ అనో, కుట్ల నొప్పి అనో మాత్రలు ఇచ్చి పంపకండి. పాత కేస్ షీట్‌లో లెక్క సరిపోయిందని ఉన్నా సరే, స్కానింగ్, ఎక్స్‌రే, అవసరమైతే సీటీ చేయించండి. బేరియం దారం లేని గుడ్డ అయితే ఎక్స్‌రే శుభ్రంగా వస్తుంది, అప్పుడు సీటీయే దారి.

దొరికితే రోగికీ ఇంటివారికీ ఆ రోజే, కూర్చోబెట్టి, తేలిక మాటల్లో చెప్పాలి. ఏం జరిగింది, ఇప్పుడేం చేయాలి, ఖర్చు ఎవరిది. "పాత కణితి" అని పేరు పెట్టి తీసేయడం నేరం మీద నేరం. డిశ్చార్జి కాగితం మీద కూడా ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే రావాలో తెలుగులో రాసి ఇవ్వండి. వరదల నెలల్లో లంకల నుంచి రావడం కష్టం కాబట్టి ఆసుపత్రి ఫోను నంబరు పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఒక నోటు పుస్తకం

లెక్క తప్పి మళ్లీ దొరికిన ప్రతిసారీ ఒక పుస్తకంలో రాయండి. ఏ కేసు, ఏది తక్కువైంది, ఎక్కడ దొరికింది, ఎంతసేపు పట్టింది. ఎవరి పేరూ రాయవద్దు. నెలకోసారి అందరూ కూర్చుని చదవండి, ఆయమ్మలు కూడా. మూడుసార్లు గాజు బిడ్డను తుడిచే గుడ్డల్లో దొరికిందని తేలితే, ఆ గుడ్డలకు వేరే రంగు కొనండి. కట్టలో నాలుగే వచ్చాయని పదేపదే కనిపిస్తే, ఆ మధ్యాహ్నం డ్రమ్ము నింపే గదికి మీరే వెళ్లి పక్కన కూర్చోండి.